నాచు మందు కొడితే బస్తా పెరుగుతుందా?



దాళ్వా నారుమళ్ళు పడ్డాయి. ఇంకో ఇరవై రోజులు పోతే ఊడ్పులు. సరిగ్గా ఈ రోజుల్లోనే మన ఎరువుల కొట్ల ముందు కొత్త ఫ్లెక్సీలు కడతారు. ఒక పక్క సముద్రం కెరటం, ఇంకో పక్క బరువుకి వంగిన వరి కంకి, మధ్యలో సీసా. ఎకరాకి అయిదు బస్తాలు ఎక్కువ అని ఒకాయన, ఏడు అని ఇంకొకాయన. రోజుకి ఒకరైనా ఫోన్ చేసి అడుగుతున్నారు, "ఏవండీ, ఆ సముద్రపు నాచు మందు కొట్టొచ్చంటారా?" అని. అందరికీ ఒక్కొక్కరికీ చెప్పలేక ఇక్కడ రాస్తున్నా. కొంచెం పొడుగే, ఓపిక చేసుకుని చదవండి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఆ మందులో సరుకు ఉందండి. దాన్ని అమ్మే తీరు మీదే నా తగాదా.

అసలు ఇది ఎక్కడిదో తెలుసుకుందాం. సముద్రపు నాచుని పొలానికి వేయడం కొత్త సంగతేం కాదు. ఐర్లాండ్, స్కాట్లాండ్ ఒడ్డున రైతులు తరతరాలుగా ఒడ్డుకి కొట్టుకొచ్చిన నాచుని బండ్ల మీద తోలుకెళ్ళి బంగాళాదుంప మళ్ళలో వేసేవారు. మనం పెంట తోలుకున్నట్టే. దాన్ని పిండి ద్రవం చేసి సీసాల్లో అమ్మడం బ్రిటన్‌లో 1940ల చివర్లో మొదలయింది. ఇప్పుడు మన దగ్గర దొరికే విదేశీ రకాలు చాలావరకు ఆస్కోఫిల్లమ్ అనే గోధుమ రంగు నాచువి. అది కెనడా, నార్వే లాంటి చల్లటి సముద్రాల్లో రాళ్ళకి పట్టి పెరుగుతుంది.

మన దేశంలో పెంచేది వేరే. కప్పాఫైకస్ అంటారు, ఎర్ర నాచు జాతి. దాని పుట్టిల్లు ఫిలిప్పీన్స్. గుజరాత్‌లోని భావనగర్‌లో కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ ఉంది. వాళ్ళు 1980ల్లో దీన్ని తెచ్చి పెంచి చూశారు. తర్వాత తమిళనాడు రామనాథపురం జిల్లాలో, మండపం చుట్టుపక్కల, మత్స్యకార కుటుంబాల ఆడవాళ్ళు సంఘాలు కట్టుకుని వెదురు తెప్పలకి నాచు ముక్కలు కట్టి పెంచుతున్నారు. నలభై అయిదు రోజులకి కోత. మన స్వల్పకాలిక వరిలో సగం కాలం కూడా కాదు చూడండి! తీసిన పచ్చి నాచుని నలిపితే రసం వస్తుంది. ఆ రసమే మన పంట మందు. మిగిలిన పిప్పిలోంచి క్యారజీనన్ అనే జిగురు తీస్తారు, అది ఐస్‌క్రీముల్లోకి, టూత్‌పేస్టుల్లోకి పోతుంది. ఇఫ్కో వాళ్ళ 'సాగరిక' ఈ భావనగర్ పరిజ్ఞానంతో వచ్చిందే.

ఒకరిద్దరు కుర్రాళ్ళు "మన అంతర్వేది దగ్గర, ఉప్పాడ దగ్గర సముద్రం ఉంది గదండి, మనమే పెంచుకుంటే?" అని అడిగారు. ఆలోచన మంచిదే గానీ, నాచుకి ఎండ తగిలే తేట నీరు కావాలి. గోదారి పాయలు కలిసే చోట వరద రోజుల్లో నీరు ఎర్రగా ఒండ్రుతో ఉంటుంది, పైగా ఉప్పు తగ్గిపోతుంది. మన భూమికి బలం ఇచ్చిన ఆ ఒండ్రే నాచుకి అడ్డం. ఆ సంగతి అక్కడితో వదిలేద్దాం.

ఇక మందు చేసే పని. చాలామంది దీన్ని ఎరువు అనుకుంటున్నారు. కాదండి. ఈ రసంలో మొక్క పెరుగుదలని కదిలించే పదార్థాలు, సైటోకైనిన్లు, ఆక్సిన్లు, జిబ్బరెల్లిన్లు అంటారు, అవి కొద్దికొద్దిగా ఉంటాయి. ఎండకి, ఉప్పుకి మొక్క తట్టుకోవడానికి సాయపడే బీటైన్ లాంటివి ఉంటాయి. కొంచెం పొటాషూ ఉంటుంది. "పొటాష్ ఉంది కాబట్టి పొటాష్ మానేయొచ్చు" అని ఒక కొట్టాయన మా ఊళ్ళో చెప్తుంటే విన్నా. లెక్క చూడండి. 250 మిల్లీలీటర్ల సీసాలో పదో వంతు పొటాషే ఉందనుకున్నా 25 గ్రాములు. మనం ఎకరాకి అర బస్తా, అంటే 25 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ వేస్తే అందులో 15 కిలోలు పొటాష్ ఉంటుంది. 25 గ్రాములెక్కడ, 15 కిలోలెక్కడ! యూరియా సంగతీ అంతే. 45 కిలోల బస్తాలో ఇంచుమించు 20 కిలోల 700 గ్రాముల నత్రజని ఉంటుంది. దాన్ని ఏ సీసా ఇవ్వదు. అన్నం పెట్టకుండా జీర్ణానికి కషాయం పోస్తే మనిషి లావెక్కుతాడా?

మరి పరిశోధనలు ఏం చెప్పాయి? పశ్చిమ బెంగాల్‌లో బిధాన్ చంద్ర వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు వరి మీద, పెసర మీద ఈ నాచు రసం కొట్టి చూశారు. మేఘాలయలోనూ వరి మీద చూశారు. రెండున్నర శాతం నుంచి 15 శాతం దాకా రకరకాల మోతాదుల్లో పిచికారీ చేశారు. సిఫారసు చేసిన ఎరువులు పూర్తిగా వేసి, దాని పైన 10, 15 శాతం రసం కొట్టిన చోట దిగుబడి బాగానే పెరిగింది. కాబట్టి మందు ఉత్తదని నేను అనను. అయితే ఇక్కడ రెండు సంగతులు గట్టిగా పట్టుకోండి. ఒకటి, ఎరువులు పూర్తిగా వేశాకే ఆ పెరుగుదల. ఎరువు తగ్గించుకోమని ఎవరైనా చెప్తే ఆ పరిశోధన పేరు ఎత్తే హక్కు వాళ్ళకి లేదు. రెండోది ఇంకా ముఖ్యం. ఎకరాకి 200 లీటర్ల నీళ్ళు అనుకుంటే, 15 శాతం అంటే 30 లీటర్ల రసం. ఒక్కసారికి! మనకి అమ్మేది 250 మిల్లీలీటర్ల సీసా. అది చిక్కబరిచిన సరుకే, కాదనను. కానీ 30 లీటర్ల పచ్చి రసంలోని బలమంతా పావు లీటరులో పట్టించారా అన్నది అమ్మేవాడిని అడగాల్సిన ప్రశ్న. నేను ముగ్గురిని అడిగా. ఒకాయన నవ్వాడు, ఒకాయన కంపెనీ పుస్తకం ఇచ్చాడు, మూడో ఆయన "మీరు చదువుకున్నోళ్ళు కదండీ" అన్నాడు. జవాబు మాత్రం రాలేదు.

ఇప్పుడు డబ్బు లెక్కకి వద్దాం. నాకు చూపించిన సీసా 480 రూపాయలు. రెండుసార్లు కొట్టమన్నారు, పిలకల దశలో ఒకసారి, చిరుపొట్ట దశలో ఒకసారి. సీసాలకి 960. విడిగా కొట్టిస్తే కూలి సారికి 400 వేసుకోండి, 800. మొత్తం 1,760 రూపాయలు. 2025-26లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాకి 2,369. అంటే మన 75 కిలోల బస్తా 1,776 రూపాయల 75 పైసలు. చూశారా, ఇంచుమించు సరిగ్గా ఒక బస్తా! నాచు మందు విడిగా కొట్టినవాడికి ఎకరాకి ఒక బస్తా ఎక్కువ పండితే పెట్టుబడి పెట్టుబడికి చెల్లు, అంతే. దోమ మందుతోనో పురుగు మందుతోనో కలిపి కొడితే కూలి మిగులుతుంది, అప్పుడు 40 కిలోలు పెరిగితే చెల్లు. కలిపేముందు మాత్రం రెండు మందులూ పడతాయో లేదో చిన్న చెంబులో కలిపి చూసుకోండి. విరిగితే ట్యాంకులో పోయకండి.

ఇదంతా మద్దతు ధర చేతికొస్తే. తేమ పేరు చెప్పి కోత కోస్తే ఆ లెక్క ఇంకా పైకి పోతుంది, మీకు తెలియనిదేముంది.

ఒక బస్తా అన్నది కంటికి కనపడే తేడా కాదండి. ఇక్కడే మనవాళ్ళు బోల్తా పడుతున్నారు. మందు కొట్టిన వారానికి చేను నల్లబడింది, పచ్చగా తిరిగింది, "అబ్బో పని చేసింది" అంటారు. అదే వారంలో యూరియా చల్లి ఉంటారు, నీరు మార్చి ఉంటారు, మబ్బు విడిచి ఎండ కాసి ఉంటుంది. ఆకు రంగు అమ్ముకోలేం గదా. ఒకే చేలో బోదె దగ్గర మడికీ చివర మురుగు వైపు మడికీ మధ్య రెండు మూడు బస్తాల తేడా ఉంటుంది. అలాంటప్పుడు కొట్టిన చేను, కొట్టని పక్కవాడి చేను పోల్చి తీర్పు చెప్పేస్తే ఎట్లా?

తేల్చుకోవాలంటే ఒక పద్ధతి ఉంది. ఖర్చు లేదు. చేలో నీరు ఎక్కే వైపు నుంచి దిగే వైపుకి పొడుగ్గా నాలుగు పట్టీలుగా అనుకోండి. అలా పొడుగ్గా తీసుకుంటే బోదె వైపు బలం, మురుగు వైపు నీరసం రెండూ ప్రతి పట్టీలోనూ ఉంటాయి. ఒక పట్టీ కొట్టి, ఒకటి వదిలి, మళ్ళీ కొట్టి, మళ్ళీ వదలండి. హద్దుల్లో కర్రలు పాతి గుడ్డ కట్టండి. మిగతా ఎరువులు, పురుగు మందులు అన్ని పట్టీలకీ ఒకేలా పడాలి. మిషను కోతకి వచ్చేముందు ప్రతి పట్టీలో రెండేసి చోట్ల, అటు అయిదు మీటర్లు ఇటు అయిదు మీటర్లు తాడు కట్టి చేత్తో కోయించండి. విడివిడిగా నూర్చి, ఒకే రోజు ఒకే చోట ఎండబెట్టి, తూకం వేయండి. ఆ చదరం 25 చదరపు మీటర్లు. ఎకరంలో అలాంటివి ఇంచుమించు 162 వస్తాయి. అంటే చదరంలో 460 గ్రాములు తేడా వస్తే ఎకరాకి బస్తా తేడా. అర కిలో కూడా లేదు! అందుకే కంటితో చెప్పలేం అంటున్నా. పచారీ కొట్టు కాటా చాలు.

పోయిన దాళ్వాలో 1121 రకంలో నేను రెండు చేలల్లో ఇలా చూశా. ఇంటి దగ్గర చేలో కొట్టిన పట్టీల్లో చదరానికి సగటున 300 గ్రాములు ఎక్కువ వచ్చింది. ఎకరాకి 48 కిలోల పైచిలుకు. పురుగు మందుతో కలిపి కొట్టా కాబట్టి సీసా డబ్బు పోను ఒక చిన్న టీ ఖర్చు మిగిలింది. రెండో చేలో తేడా ఏం లేదు, ఒక చోట కొట్టనిదే ఎక్కువ తూగింది. ఇది ఒక ఏడు, ఒక రైతు, రెండు చేలు. దీన్ని పట్టుకుని పని చేస్తుందనీ చెయ్యదనీ నేను అనను. మీరు పది మంది చేస్తే అప్పుడు మన నేలకి ఒక మాట దొరుకుతుంది.

ఇంకో సంగతి చెప్పకపోతే మనసు ఊరుకోదు. అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను మన మీద పడింది. కోతకి దగ్గరపడిన సార్వా చేలు నేలకి పడిపోయాయి. మర్నాటి నుంచే "పడిన చేను లేస్తుంది, గింజ గట్టిపడుతుంది" అని ఈ సీసాలు తిప్పారండి కొందరు. నీళ్ళల్లో పడుకున్న కంకిని ఏ నాచు రసం లేపుతుంది? అప్పుడు చేయాల్సింది బోదెలు తెగ్గొట్టి నీరు తీయడం, వీలైతే దుబ్బుల్ని నాలుగైదు కలిపి నిలబెట్టి కట్టడం, గింజ మొలకెత్తకుండా లీటరుకి 50 గ్రాముల కల్లుప్పు కలిపి కంకుల మీద కొట్టడం. మన వ్యవసాయ శాస్త్రవేత్తలు ప్రతి తుపానుకీ చెప్పేది అదే. సముద్రం నుంచి వచ్చిన వాటిలో ఆ వారం మనకి పనికొచ్చింది ఉప్పు. అప్పుల్లో ఉన్నవాడికి ఆశ చూపించి అమ్మడం లాంటి పాపం ఇంకోటి లేదని నా గట్టి నమ్మకం.

దాళ్వాలో జరిగే ఇంకో మోసం జింకు దగ్గర. డిసెంబరు, జనవరి చలికి ఊడ్చిన చేను తిప్పుకోదు, ఆకుల మీద తుప్పు మచ్చలు వస్తాయి, దుబ్బు గిడసబారుతుంది. చాలాసార్లు అది జింకు లోపం. దమ్ములో ఎకరాకి 20 కిలోల జింకు సల్ఫేటు వేసుకోవడం, లేదంటే కనపడ్డాక లీటరుకి రెండు గ్రాములు కలిపి వారం తేడాతో రెండు మూడు సార్లు కొట్టడం, ఇది మనకి ఏళ్ళ తరబడి చెప్తున్నదే. అలా తిప్పుకోని చేనుకి నాచు సీసా ఇచ్చి పంపితే రైతు పది రోజులు ఎదురు చూస్తాడు. ఆ పది రోజుల్లో వేయాల్సిన పిలకలు పోతాయి. సీసా ఖరీదు కన్నా ఆ పది రోజులే ఖరీదు. ముందు లోపం ఏంటో చూపించుకోండి. జింకు, పొటాష్, మురుగు తీత, వేళకి ఊడ్పు, రెండు మీటర్లకో కాలిబాట. ఇవి పూర్తిగా చేసినవాడి చేలోనే నాచు మందుకి ఏదైనా పని దొరికేది.

ఇక నాకు బాగా కోపం తెప్పించే విషయం, అంటగట్టుడు. పోయిన సార్వాలో యూరియా కోసం మనం ఎన్ని పొద్దులు లైన్లో నిలబడ్డామో మర్చిపోలేదు. 266 రూపాయల 50 పైసల బస్తా కోసం! నేను నిలబడిన చోట రెండు బస్తాల యూరియా కావాలంటే ఒక నాచు సీసా తీసుకోవాల్సిందే అన్నారు. ఆ కొట్టు పేరు ఇక్కడ రాయను, మన ఊళ్ళవాళ్ళే. కానీ ఇలా జత కట్టి అమ్మడం తప్పు. 2025 జులైలో కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ గారే ముఖ్యమంత్రులందరికీ ఈ అంటగట్టుడు ఆపించమని రాశారు. ఆయన చెప్పిన లెక్క వినండి. ఈ జాతి ఉత్ప్రేరకాలు, బయోస్టిమ్యులెంట్లు అంటున్నారు, ఒకప్పుడు దేశంలో 30 వేల రకాలు అమ్ముడయ్యేవట. గత నాలుగేళ్ళుగా 8 వేలు తిరిగాయి. గట్టిగా తనిఖీ పెట్టాక 650 దగ్గరకి వచ్చాయి. అంటే మిగతావి అన్నాళ్ళూ మన చేలల్లో ఏ పరీక్షకి నిలబడకుండానే తిరిగాయన్నమాట!

2021 ఫిబ్రవరిలో ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో వీటిని చేర్చారు. నాచు రసాలు అందులో ఒక తరగతి. తాత్కాలిక అనుమతుల మీద నాలుగేళ్ళు గడిచాయి, ఆ గడువు 2025 జూన్‌తో అయిపోయింది. కాబట్టి ఇప్పుడు సీసా చేతిలోకి తీసుకుంటే వెనక్కి తిప్పండి. ఏ నాచు, ఎంత శాతం, ఏ పంటకి, ఎంత మోతాదు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ ఉండాలి. "సముద్ర శక్తి" అని పెద్ద అక్షరాలు ఉండి ఇవేవీ లేకపోతే కింద పెట్టేయండి. బిల్లు అడగండి. బిల్లు ఇవ్వనంటే ఆ సరుకు మీద కొట్టాయనకే నమ్మకం లేదని అర్థం. జత కట్టి ఇస్తే సీసా కూడా బిల్లులో రాయమనండి, ఆ బిల్లు తీసుకుని మండల వ్యవసాయాధికారి దగ్గరికి నలుగురు కలిసి వెళ్ళండి. ఒక్కరే వెళ్తే రేపు ఆ కొట్లోనే అప్పు పుట్టదు, ఆ భయం నాకూ తెలుసు. అందుకే నలుగురు అంటున్నా.

ఈ అప్పు మాట ఊరికే ఎత్తలేదు. మన డెల్టాలో చేను దున్నేవాడు చాలా ఊళ్ళలో కౌలు రైతే. ముందుగా కౌలు బస్తాలు కొలవాలి, తర్వాత కొట్టు అప్పు, ఆ తర్వాత మిగిలితే ఇల్లు. సొంత పొలం ఉన్నవాడికి 1,760 రూపాయలు ఒక ప్రయోగం. కౌలు రైతుకి అవి ఒక పిల్లాడి పుస్తకాలు. కొట్టు వాడిన సీసాని నెలకి రెండు రూపాయల వడ్డీతో ఖాతాలో రాస్తాడు, కోతల నాటికి అది ఇంకా పెరుగుతుంది. కౌలు చేసే తమ్ముళ్ళకి నా మాట సూటిగా: ఈ దాళ్వాలో మీరు కొనొద్దు. సొంత భూమి ఉన్న మాలాంటి వాళ్ళం పట్టీలు వేసి చూస్తాం, తూకాలు మీకు చెప్తాం.

ఎక్కడ ప్రయత్నించొచ్చు అంటారా, సముద్రం దగ్గర శివారు ఆయకట్టులో. అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన వైపు, అటు నరసాపురం వైపు, చివర కాలువకి నీరు సరిగా అందక ఉప్పు పైకి తేలే చేలు ఉన్నాయి గదండి. ఈ రసాల్లో ఉప్పుని, నీటి ఎద్దడిని తట్టుకునే గుణం మీదే పరిశోధకులకి ఎక్కువ ఆసక్తి. బాగా నీరు, బాగా ఎరువు ఉన్న చేలో కన్నా అలాంటి చోట తేడా కనపడే అవకాశం ఎక్కువని నా ఊహ. ఊహే సుమా. అక్కడి అన్నదమ్ములు ఎవరైనా రెండు పట్టీలు వేస్తానంటే సీసా నేనే కొనిస్తా. కొట్టేటప్పుడు ఎండెక్కకముందు గానీ సాయంత్రం గానీ కొట్టండి, వాన మబ్బుంటే ఆగండి, సీసా మీద రాసిన మోతాదు దాటించకండి. ఎక్కువ పోస్తే ఎక్కువ పండే జాతి కాదిది.

పట్టీలు వేసేవాళ్ళు ఊడ్పు తేదీ, రకం పేరు, కొట్టిన తేదీలు, ఏ సీసా, ఏ బ్యాచ్ అన్నవి ఒక కాగితం మీద రాసి ఉంచుకోండి. ఏప్రిల్‌లో కోతలయ్యాక కొట్టిన చదరం ఎంత తూగింది, కొట్టనిది ఎంత తూగింది, రెండు అంకెలూ పంపండి. తగ్గినా పంపండి. అన్నీ ఒక చోట చేర్చి, ఊరి పేర్లతో, సార్వా విత్తనాలు కొనే రోజులకి ముందే ఇక్కడ పెడతా.